టైలరక్క తెచ్చిన డిస్కు

నా చేతులకి తొందరెక్కువ, నోటికి ఇంకా ఎక్కువ. జిరాక్సు షాపు నడుపుతాను కదా, కంప్యూటర్ గురించి నాకు తెలియనిదేముందని వీధంతా డప్పు కొట్టుకునేదాన్ని.

పక్క షాపు టైలరక్కది. ఒకసారి కొలిచిన మనిషికి మళ్లీ టేపు తియ్యదు, అంత జ్ఞాపకం. అలాంటిది వాళ్ల నాన్న గొంతు మరిచిపోతున్నానని బెంగ పెట్టుకుంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. చెల్లెలి పెళ్లి వీడియోలో రెండు నిమిషాలు మాట్లాడారట. ఆ గొంతు ఇంకెక్కడా లేదు, ఆ ఒక్క డిస్కులోనే ఉంది.

"ఆదివారం చెల్లెలు వస్తోంది, ఇద్దరం కలిసి వింటాం. ఫోన్లోకి ఎక్కించి పెట్టమ్మా" అని ఇచ్చి, మిషన్ మీద పనుందని వెళ్లిపోయింది.

షాపులోని పెద్ద కంప్యూటర్‌కైతే డిస్కు ట్రేలో ఊరికే పడేస్తే చాలు. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌కి అలా కుదరదు, మధ్యలో ఉన్న బుడిపె మీద టక్కుమనేదాకా నొక్కాలి. తెలుసు నాకు. తెలిసీ పడేశాను. ఫోన్లో మా వదినతో కబుర్లు మరి! లోపల గరగరమంది. ఆపి చూడొచ్చుగా? అబ్బే, ఇంకోసారి, మరోసారి తోశాను. చివరికి బయటికి తీస్తే డిస్కు చుట్టూ గోరు దిగేంత గీత.

సాయంత్రం అక్క వచ్చి అడిగితే, "పాతది కదక్కా, ఎప్పుడో పాడైపోయింది" అన్నాను, తడుముకోకుండా.

"అయ్యో, బీరువాలో పడేసి నేనే పాడుచేశానేమో" అంది. ఛీ, నా బతుకు! అప్పుడైనా నోరు విప్పానా?

ఆదివారం గోడవతల నుంచి చెల్లెలి అరుపులు. "ఒక్క డిస్కు జాగ్రత్త చెయ్యలేకపోయావా అక్కా? అందులో తప్ప నాన్న ఇంకెక్కడున్నాడు?" అక్క కత్తెర చప్పుడు మాత్రం ఆగలేదు. చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను.

"తప్పు అక్కది కాదు. సరిగ్గా పెట్టకుండా నేనే గీకేశాను. పైగా అబద్ధం చెప్పాను."

టైలరక్క కత్తెర కింద పెట్టింది.

"ఆ రోజే నీ మొహం చూసి అనుకున్నాను. నువ్వే వచ్చి చెప్తావని చూశాను. రా, కూర్చో. నాన్న ఏం మాట్లాడాడో చెప్తాం. ఏం పోయిందో నీకూ తెలియాలి" అంది.

కూర్చున్నాను. మొదటి మాట దగ్గరే ఇద్దరికీ కుదరలేదు. "అమ్మా" అన్నాడని అక్క, కాదు "తల్లీ" అన్నాడని చెల్లెలు. కాసేపు వాదించుకుని, ఇద్దరూ నా వైపు చూశారు.