మొద్దు భుజం పెట్టిన రోజు

జూలో ఆవిడని చిరుతమ్మ అనేవాళ్లు. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాంతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. చిరుతల కీపరుగా చేరినప్పుడు తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు, ఇప్పుడు నల్లవి వెతుక్కోవాలి. మధ్యలో గడిచిన బతుకంతా గదులు కడగడం, మాంసం కోయడం, తలుపు గడియ పడిందో లేదో రెండోసారి చూసుకోవడం. చిరుతల దగ్గర ఉద్యోగం అనగానే చుట్టాలు కళ్లు పెద్దవి చేసుకుంటారు. పాపం, అందులో ముప్పాతిక వంతు చీపురు పనే అని వాళ్లకేం తెలుసు.

మిగతా పాతిక వంతులోనే ఉంది ఆవిడ గొప్పంతా. చిరుత తనంతట తాను వచ్చి సూది వేయించుకునేలా చేసేది. ఊచల అవతల అది, ఇవతల ఈవిడ. "భుజం" అనగానే అది పక్కకి తిరిగి భుజాన్ని ఊచలకి ఆనించాలి. ఆనిస్తే పొడుగాటి పట్టకారుతో మాంసం ముక్క. లేకపోతే ఏమీ లేదు. తిట్టడం, కొట్టడం లాంటివి లేవు. మాంసం రాలేదంటే సరిగ్గా పెట్టలేదని దానికి అర్థం కావాలి, మళ్లీ పెట్టాలి. చదువంతా ఇంతే. పంతులమ్మకి కూడా ఒక నియమం ఉంది: సరిగ్గా పెట్టినదానికి ముక్క ఎగ్గొట్టకూడదు. ఒక్కసారి ఎగ్గొడితే ఆ జంతువు ఇంక మనిషిని నమ్మదు.

ఈ చదువు లేని చిరుతకి తుపాకీయే గతి. టీకా వెయ్యాలన్నా మత్తుసూది పేల్చాల్సిందే. తుపాకీ కనపడితే చాలు, అది గోడలకేసి కొట్టుకుంటుంది. ఒకసారి ఒక ముసలి మగచిరుత మత్తెక్కి తూలుతూ వెళ్లి నీళ్లతొట్టిలో తలపెట్టి పడింది. తలుపులు తీసుకుని లోపలికి వెళ్లేసరికి ప్రాణం పోయింది. అప్పట్నించి ఆ తుపాకీ అంటే చిరుతమ్మకి ఒళ్లుమంట.

ఆవిడ భర్త బస్సు నడిపి మానేసిన మనిషి, షుగరుంది. పొద్దున్నే ఆయనకి సూది వేసేదీ ఈవిడే. "భుజం" అనేది. ఆయన బనీను చెయ్యి పైకి లాక్కుని, "మరి నా ముక్కేదే?" అనేవాడు. "ముందు సరిగ్గా పెట్టండి, చూద్దాం" అనేది ఈవిడ. రోజూ ఇదే వేళాకోళం, ఇద్దరికీ ఎప్పుడూ విసుగు రాలేదు.

అడవుల్లో అడుగంటిపోతున్న చిరుత జాతి అది. ఏ జూలో దేన్ని దేనితో జతకట్టించాలో తేల్చడానికి ఒక సంఘం ఉంది. ఆ సంఘం సరేనన్నాక ఇక్కడి ఆడచిరుత ఈనింది. ఒక ఆడది, ఒక మగవాడు. గేటుకి పెద్ద బ్యానరు కట్టారు, జనం పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని వచ్చారు. ఆడపిల్ల చురుకు, భుజం పెట్టడం ఇట్టే పట్టేసింది. మగవాడు మాత్రం "భుజం" అంటే తోక పెట్టేవాడు, మూతి పెట్టేవాడు, ఒక్కోసారి వెల్లకిలా పడుకునేవాడు. అందుకే వాడికి మొద్దు అని పేరు పడింది. పొరపాటు చేశానని తెలిస్తే మాత్రం వాడికి మనసొప్పేది కాదు, ముక్క వచ్చేదాకా మళ్లీ మళ్లీ పెట్టేవాడు. చివరికి వచ్చింది. ఆ రోజు చిరుతమ్మ ఇంటికి పాడుకుంటూ వెళ్లింది.

వాడు పూర్తిగా పెద్దవాడయ్యాక, ఒక మధ్యాహ్నం డాక్టరు మాంసం కోసే గదిలోకి వచ్చి నిలబడ్డాడు. మంచివాడే. జంతువు పోతే తిండి మానేసే రకం.

"మొద్దు సంగతి తేలింది, చిరుతమ్మగారూ. ఎక్కడా చోటు లేదు."

"అన్ని జూలనీ అడిగారా సార్?"

"అడిగాం. వీడితో పుట్టిన ఆడదాన్ని ఇట్టే తీసుకెళ్లారు, మగవే అందరి దగ్గరా మిగిలిపోతున్నాయి. వీడి తండ్రి పిల్లలు ఇప్పటికే సగం జూల్లో ఉన్నారు, వీడితో జత కట్టించడానికి ఎవరూ ఒప్పుకోరు. తల్లిని మళ్లీ జతకి పంపాలంటే, పుట్టే పిల్లల కోసం వీడి గది ఖాళీ కావాలి. పంపకపోతే ఏమవుతుందో మీకు తెలుసు."

తెలుసు. ఆ తల్లి చెల్లెలికి చూలు నిలవకుండా సూదులు వేస్తూ వచ్చారు. గర్భసంచి చీము పట్టి, మూలిగి మూలిగి చచ్చిపోయింది. ఇదైనా కననివ్వండి అని ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది చిరుతమ్మే. పుట్టేవాళ్లలో మగవాళ్లూ ఉంటారని తెలియక కాదు. అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాంలే అనుకుంది.

"ఎలా చేస్తారు?" అంది, కత్తి కింద పెట్టకుండానే.

"మీరు పిలిస్తే మత్తుసూది, వాడు పడుకున్నాక రెండోది, ప్రాణం తీసేది. మీరు రానంటే నేనేమీ అనను. తుపాకీ తీసుకొస్తాం."

ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంటే భర్త అడిగాడు, "అడవిలో వదిలెయ్యొచ్చుగా?"

"ఏ అడవిలో? పట్టకారు కనపడితే ఉరికొచ్చేవాడికి అక్కడెవడు పెడతాడు?"

"పోనీ నువ్వు వెళ్లకు."

"నేను వెళ్లకపోతే తుపాకీ వస్తుందండీ," అంది. 

మర్నాడు పొద్దున్న డాక్టరు ఇంకో మాట చెప్పాడు. కడుపులో ఏమీ ఉండకూడదు. మత్తులో కక్కితే ఊపిరాడక గిలగిల్లాడిపోతాడు. "ఒక్క ముక్క సార్," అని బతిమాలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన చెప్పింది నిజమే, అందుకే ఆవిడకి మరీ కోపం వచ్చింది.

పట్టకారు లేకపోతే వాడు రాడు. ఆ మర్నాడు ఉత్త పట్టకారు పట్టుకుని నిలబడింది. ముందురోజు నుంచీ తిండిలేని మొద్దు గబగబా వచ్చాడు. "భుజం" అంది. గొంతు మామూలుగానే వచ్చింది, అది ఎలా వచ్చిందో ఆవిడకి తెలియదు. వాడు పక్కకి తిరిగి, భుజం తెచ్చి ఊచలకి ఆనించాడు. ఇంత బాగా ఎప్పుడూ పెట్టలేదు. డాక్టరు సూది వేశాడు. వాడు కదల్లేదు.

తర్వాత తల తిప్పి పట్టకారు వైపు చూశాడు. దాని చివర ఏమీ లేదు. ఆవిడ మొహంలోకి చూశాడు. సరిగ్గా పెట్టలేదు కాబోలు అనుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేసి, వచ్చి, ఇంకాస్త గట్టిగా ఆనించి పెట్టాడు. కాళ్లు తేలిపోతున్నా మూడోసారీ పెట్టాడు. అలా ఊచలకి ఆనుకునే కిందికి జారాడు.

గేటుకి ఏ బ్యానరూ కట్టలేదు. మర్నాడు పొద్దున్న భర్త బనీను చెయ్యి పైకి లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ సూది పట్టుకుని నిలబడింది, ఆ మాట మాత్రం నోట రాలేదు. ఆయన సిరంజి తీసుకుని తనే వేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన సూది ఆయనే వేసుకుంటున్నాడు.

తల్లి మళ్లీ ఈనింది. ఈసారి ఒక ఆడది, ఇద్దరు మగవాళ్లు. బ్యానరు కట్టారు, జనం వచ్చారు. పిల్లలు మాంసానికి వచ్చాక డాక్టరు మెల్లగా అన్నాడు, "మళ్లీ మొదలుపెట్టండి, చిరుతమ్మగారూ."

"ఆడపిల్లకి నేర్పుతాను సార్. మగపిల్లలకి నేర్పను."

"అప్పుడు తుపాకీయే కదా? ఆ తొట్టిలో పడినదాన్ని మీరే చూశారు."

"చూశాను. తుపాకీని చూసి అది భయపడింది. పారిపోవాలని చూసింది. వీళ్లకి ఆ మాత్రమైనా ఉండనివ్వండి."

 ఆవిడ మగపిల్లలిద్దరినీ పక్కగదిలోకి తోలి, ఆడపిల్లని ఒక్కదాన్నే ఊచల దగ్గరికి పిలిచేది. గదుల మధ్య ఉన్నది ఉత్త జాలీ. దాని వెనక కూర్చుని వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు. చిన్నపిల్లలు, చూస్తే చూశారులే అనుకుంది.

ఒక పొద్దున్న "భుజం" అనగానే ఆడపిల్ల పెట్టింది, ముక్క తీసుకుంది. ఇంకో ముక్క పట్టకారుతో పట్టుకుని తల ఎత్తేసరికి, పక్కగదిలో మగపిల్లల్లో చిన్నవాడు ఊచల దగ్గర ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. వంకరగా, సగం వీపూ సగం భుజమూ ఆనించి, పట్టకారు వైపు చూస్తున్నాడు.

ఆవిడ పట్టకారుని వెనక దాచేసుకుంది. వాడు సరిగ్గా పెట్టలేదనుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేసి, వచ్చి, మళ్లీ పెట్టాడు.