వైస్‌లో చెయ్యి

నా షాపులో బల్లకు బిగించిన వైస్ ఒకటి ఉంది. పిడి తిప్పితే దాని రెండు ఇనుప దవడలూ దగ్గరికొచ్చి, మధ్యలో పెట్టిన ముక్కను కదలకుండా పట్టుకుంటాయి. ఊడిరాని బోల్టులనూ వంగిన షాఫ్టులనూ అందులో పెడుతుంటాను. పోయిన ఎండాకాలం ఒక పొద్దున అందులో ఒక మనిషి చెయ్యి ఉండింది. పెట్టింది నేను కాదు. ఆ చెయ్యి నాది కూడా కాదు. ఈ రెండూ ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా చెప్పుకోవచ్చు.

నా షాపు పెనుకొండలో, బస్టాండుకు కాస్త ఇవతల. పని నేర్చుకున్నది హిందూపురంలో. అక్కడి మా మేస్త్రి పని తెలుగులో చెప్పేవాడు, తిట్లు కన్నడంలో తిట్టేవాడు. స్పానరుతో కొట్టేటప్పుడు మాత్రం ఏ భాషా వాడేవాడు కాదు. మనిషి చెప్పే కథకంటే ముందు బండి చేసే చప్పుడు వినమని ఆయన మాట. అది నాకు బాగా గుర్తుండాలని, చెప్పినప్పుడల్లా ఒకటి వేసేవాడు. బాగానే గుర్తుంది.

ఆ పొద్దున షట్టరు ఎత్తి ఊడుస్తుంటే, ఒకతను గేర్లు లేని స్కూటరొకటి తోసుకుంటూ వచ్చాడు. నాకంటే చిన్నవాడే. చొక్కాకు ఒక చెయ్యి లేదు. పెదవి పగిలి రక్తం గడ్డం మీదికి కారి ఎండిపోయి ఉంది. బండి ముందు మడ్‌గార్డుకు రంగురంగుల పట్టు దారాలు చిక్కుకుని వేలాడుతున్నాయి. తన్నులు తిన్న మనిషిని చూశాను గానీ, పెళ్ళికి ముస్తాబైన స్కూటరును అదే చూడడం.

"అన్నా, బిన్నా చూడన్నా. తొందరగా హిందూపురం పోవల్ల. రేజ్ చేస్తే ఇంజను అరుస్తాండాది గానీ బండి ఎత్తు ఎక్కల్యా. కాలిన వాసన వస్తాండాది."

"కిందపడినావా?"

"లేదన్నా. మా బావ కొట్టినాడు."

దానికి నా దగ్గర స్పేరు పార్టు లేదు కాబట్టి బండినే సెంటర్ స్టాండు వేశాను. తొందర తొందరగా అతను చెప్పింది ఇది. ఊరు ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. అక్కను ఇచ్చిన బావ దగ్గరే ఉండి, ఆయనతో కలిసి నేస్తాడు. ఇంట్లో చోటు తక్కువ కాబట్టి రాత్రిళ్ళు స్కూటరు మగ్గం పక్కనే పెడతారు. పొద్దున బండి బయటికి తీద్దామని స్టాండు తీసి, కూర్చుని, బటన్ నొక్కాడు. బండి ఎగిరి నేరుగా మగ్గంలోకి పోయింది. పెళ్ళి చీరకు సాగదీసి కట్టిన పడుగు, అంటే చీర నిలువునా పరిచిన పోగులన్నీ, సగానికి సగం పుటపుటా తెగిపోయాయి. బావ చేతికందిన దాంతో కొట్టాడు. ఇతను అదే బండెక్కి కొత్తచెరువు మీదుగా పారిపోయి వచ్చాడు.

"కావాలనే తెంపినానంటాండాడు. హిందూపురంలో ఫ్యాక్టరీ పనికి పోతానని రాత్రే అడిగింటి. ఈ చీర మగ్గం దిగేదాకా కదిలేది లేదన్యాడు. పొద్దున్నే ఇట్లాయ. ఎవురు నమ్ముతారు చెప్పు?"

నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. కానీ నన్ను అడిగింది బండి గురించి.

ఇంతలో షాపు ముందు పెద్ద మోటార్‌సైకిలొకటి ఆగింది. ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది, దిగిన మనిషి కాళ్ళు నేలకందక ఒక పక్కకు ఒరిగిపోయాడు. కోపంగా దిగాలనుకున్నవాడు అలా ఒరిగిపోతే చూడడానికి బాగుండదు. కానీ చేతిలో ఇనుప రాడ్డు ఉంది కాబట్టి ఎవరమూ నవ్వలేదు.

"రేయ్! యాడికి పోతావురా? ఈ పెనుకొండ దాటి పోతావా నువ్వు?"

మొదటి దెబ్బ బావమరిది వీపు మీద పడింది. రెండోది తప్పి నా పెట్రోలు డబ్బా మీద పడింది. నేను మధ్యలోకి వెళ్ళి "అన్నా, ఆగన్నా" అన్నాను. మూడోది నా భుజం మీద పడింది. ఆగమని చెప్పాను, ఆగలేదు, నేను పక్కకు జరిగాను. శాంతి ప్రయత్నాలు అంతటితో ముగిశాయి.

బావ ఆ కుర్రాడి జుట్టు పట్టి బల్ల దాకా ఈడ్చాడు. కుడిచెయ్యి వంచి వైస్ దవడల మధ్య నాలుగు వేళ్ళూ పెట్టి, పిడి తిప్పేశాడు. నేసేవాడు కదా, నేసేవాడికి ఏది పోతే అన్నీ పోతాయో ఆయనకు తెలుసు. కుర్రాడు మోకాళ్ళ మీద కూలిపోయాడు.

"ఒప్పుకో. కావాలనే తెంపినానని ఒక్క మాట చెప్పు, వదిలేస్తా. లేదంటే ఈ చెయ్యి ఇంగ మగ్గానికీ పనికిరాదు, నీ ఫ్యాక్టరీకీ పనికిరాదు."

"నేను రేజ్ చేయలేదు బావా! అదే పోయింది! అక్క మీద ఒట్టు!"

"అక్క మీద ఒట్టేస్తాండావా?" అని పిడి ఇంకొంచెం తిప్పాడు.

ఎదురుగా టీ అంగడి దగ్గర జనం గుమిగూడారు. ఒకాయన ఫోను పైకెత్తి పట్టుకుని, "మెకానిక్కూ, రవ్వంత పక్కకు జరుగబ్బా, ఏం కనపల్ల్యా" అన్నాడు. మా ఊరి సహాయం ఆ రోజుకు అంతే.

నేను బావతో, "అన్నా, బండి దానంతట అది పోయిందో లేదో నేను చూపిస్తా. నువ్వు ఆ పిడి మీద చెయ్యి తీయి" అన్నాను.

"నువ్వు చూపించు. చెయ్యి ఆడే ఉంటాది."

అలా జీవితంలో మొదటిసారి, ఒక మనిషి వేళ్ళు నలుగుతుండగా బండి చూడాల్సి వచ్చింది. తొందరగా చూడమని కస్టమర్లు అడుగుతుంటారు గానీ, ఇంత గట్టిగా ఎవరూ అడగలేదు.

ముందు యాక్సిలరేటర్ కేబులు చూశాను. అది ఇరుక్కుంటే బండి ఎగరవచ్చు. తిప్పి వదిలితే టక్కున వెనక్కి వచ్చింది. ఇంకోసారి వదిలాను, ఇంకా బాగా వచ్చింది. అంత ఆరోగ్యంగా ఉన్న కేబులు మీద నాకెప్పుడూ అంత కోపం రాలేదు.

"బాగుండాదా?" అన్నాడు బావ.

"బాగుండాది."

ఆయన పిడి తిప్పాడు. కుర్రాడి నోట్లోంచి వచ్చిన కేకకు ఫోనాయన కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. అబద్ధం చెప్పి ఉండాల్సింది అనిపించింది. కానీ అప్పటికే నా నోరు నిజం చెప్పేసింది, దానికి ముందుచూపు ఎప్పుడూ లేదు.

"ఆగన్నా, అయిపోలేదు" అని సెల్ఫ్ కొట్టాను. ఇంజను నిదానంగానే నడుస్తోంది, రేజ్ లేదు. అయినా వెనక చక్రం గిర్రున తిరుగుతోంది. స్టాండు మీద ఈ రకం బండ్ల చక్రం కొద్దిగా తిరగడం మామూలే, బ్రేకు తాకితే నిలబడిపోతుంది. ఇది నిలబడలేదు. బ్రేకు గట్టిగా నొక్కితే ఇంజనే మూలిగి ఆగిపోయేట్టయింది. లోపల ఏదో చక్రాన్ని పట్టుకుని వదలడం లేదు.

"ఇది క్లచ్చన్నా. వదలల్యా."

"ఎవురికి చెప్తాండావబ్బా? గేర్లే లేని బండికి క్లచ్ యాడిది? చేతికాడ లీవరే లేదు!" అని ఆయన మళ్ళీ పిడి మీదికి వంగాడు. "ఇద్దరూ కలిసి నాకు చెవుల్లో పూలు పెడతాండారా?"

"ఉండాదన్నా! లోపలుండాది! విప్పి చూపిస్తా, రవ్వంత సేపు తిప్పొద్దు!"

ఎడమ పక్క కవరు బోల్టులన్నీ విప్పాను. తొందరలో ఒకటి జారి బల్ల కిందికి పోయింది. వెతకలేదు. కవరు ఊడగానే కాలిన వాసన గుప్పుమంది. వెనక గంట ఆకారంలో ఉండే బెల్లు నట్టు వదిలించి, బెల్లు లాగాను. లోపలి ఇనుము వేడికి నీలంగా మారిపోయింది. క్లచ్ షూలు నూనె తాగి, అద్దంలా మెరుస్తున్నాయి. షూలను లోపలికి లాగిపట్టుకునే చిన్న స్ప్రింగుల్లో ఒకటి రెండు ముక్కలై ఉంది. దాని షూ ఒక్కటే బయటికి వాలి వేలాడుతోంది.

మొత్తం తెచ్చి బావ ముఖం ముందు పెట్టాను.

"చూడన్నా. ఇంజను నిదానంగా ఉన్నప్పుడు ఈ స్ప్రింగులు షూలను లోపలే పట్టుకోవల్ల. రేజ్ చేస్తేనే అవి బయటికి పోయి బెల్లును పట్టుకుంటాయి. అప్పుడే చక్రం కదలల్ల. ఈ స్ప్రింగు తెగింది. ఈ షూ ఎప్పుడూ బెల్లునే పట్టుకోని ఉండాది. బటన్ నొక్కితే చాలు, బండి ఎగురుతాది. ఎవురు కూర్చున్నా ఎగురుతాది. నువ్వు కూర్చున్నా ఎగురుతాది."

ఆయన వంగి ఆ తెగిన ముక్కను దగ్గరగా చూశాడు. తెగిన పోగును చూసే కళ్ళు కదా, అబద్ధమని అనలేకపోయాడు. చెయ్యి పిడి మీంచి మెల్లగా తీశాడు. నేను అంతటితో ఆపి, పిడి వదులు చేసి ఉంటే బాగుండేది. కానీ నాకు నూనె సంగతి అర్థం కాలేదు. అర్థం కానిది అడగకుండా ఉండలేను, షాపులో తన్నులాటలున్నా సరే.

"ఇంత నూనె దీంట్లోకి ఎట్లొచ్చె? ఇది పొడిగా ఉండాల్సిన చోటు."

"నేనే పోసినా" అన్నాడు ఆయన, కాస్త గర్వంగానే. "అమావాస్యకు మా ఇంట్లో మగ్గం నేయం. ఆ పొద్దు మగ్గం పైన డిజైను వేసే జకార్డుకు నూనె పెడతాం. కిక్కు కొడితే కీచుమంటాంటే దీనికీ ఆడే సందులో పెడతాండా. నెల తప్పలేదు. మగ్గం మాదిరే చూసుకుంటా దీన్ని."

నేను ఆయన్ను చూశాను, వైస్‌ను చూశాను. కీచుమన్న ప్రతిదానికీ నూనె పెట్టే ఇల్లు అది. అలా పెట్టబట్టే వాళ్ళ మగ్గాలు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. కానీ ఆ నూనె కిక్కు షాఫ్టు వెంబడి లోపలికి దిగి, షూలు జారి, జారి వేడెక్కి, ఆ వేడికి స్ప్రింగు చచ్చి తెగింది.

"అన్నా," అన్నాను, "పడుగు తెంపింది ఆ నూనె."

నిజం వింటే మనిషి మెత్తబడతాడని ఎవరు చెప్పారో వాళ్ళు మా షాపుకు రాలేదు. ఆయన ముఖం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. "నేనా? నేనారా తెంపింది?" అని అరుస్తూ వైస్ పిడి మీద పడి శక్తికొద్దీ తిప్పాడు. కుర్రాడి అరుపు సగంలో ఆగిపోయింది, ఊపిరి అందలేదు. నేను సుత్తి తీసుకుని ఆయన మోచేతి మీద కొట్టాను. ధైర్యమని కాదు. అప్పుడు కూడా సుత్తి తిరగేసి, కర్ర వైపుతోనే కొట్టాను. ఆయన మోచెయ్యి పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. నేను పిడి వెనక్కి తిప్పాను.

వేళ్ళు బయటికి వచ్చాయి. చర్మం ఒలిచిపోయి, గోళ్ళ కింద రక్తం ఉబ్బి, వంకాయ రంగుకు తిరుగుతున్నాయి. కుర్రాడు వాటిని ముట్టుకోవడానికి కూడా భయపడ్డాడు. టీ అంగడి నుంచి ఎవరో నీళ్ళు తెచ్చారు. ఫోనాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు, బహుశా చార్జింగ్ అయిపోయి ఉంటుంది.

బావ కోపం ఎటు పోయిందో పోయింది. మోకాళ్ళ మీదే జరిగి దగ్గరికొచ్చాడు. "విరిగిందా? యాదీ, చూపీ. మడిచి చూడు." మడ్‌గార్డుకు వేలాడుతున్న పట్టు దారాల్లోంచి రెండు పోగులు పీకి కుర్రాడి ముందు పెట్టాడు. "ముడెయ్యి. వేస్తావో లేదో చూస్తా. నీ చెయ్యి బాగుండల్ల నాయనా. ఆ పడుగంతా అతకల్ల, నాకొక్కనికి చేత కాదు. ముడెయ్యి."

ఒక్కసారిగా అందరం ఆ వేళ్ళనే చూస్తున్నాం. కుర్రాడు రెండు పోగుల కొసలూ కలిపాడు. మొదటిసారి జారిపోయాయి. వేళ్ళ రక్తంతో పట్టు తడిసింది. రెండోసారి బొటనవేలితో ఒత్తి, చుట్టి, లాగాడు. కంటికి కనబడనంత చిన్న ముడి పడింది. బావ దాన్ని లాగి చూశాడు. ఊడలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పని చేస్తాంది" అన్నాడు.

"చేస్తాంది" అన్నాడు కుర్రాడు కూడా. లేచి నిలబడ్డాడు. అదే చెయ్యి పిడికిలి బిగించి బావ ముఖం మీద గుద్దాడు. ముక్కు విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది, చప్పుళ్ళు వినడం నా పని కదా. బావ వెల్లకిలా పడ్డాడు. లేవడానికి ప్రయత్నించలేదు, రాడ్డు కోసం చూడలేదు.

కుర్రాడు ఆ చేతిని చంకలో నొక్కిపట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. కదులుతున్న హిందూపురం బస్సు ఆపి ఎక్కాడు. మా వైపు చూడలేదు.

బావ గోడకానుకుని కూర్చున్నాడు. ముక్కు కింద చొక్కా అడ్డం పెట్టుకుని, "బండి ఎప్పటికి అయితాది?" అని అడిగాడు.

"షూలు, స్ప్రింగులు హిందూపురం నుంచి తెప్పించల్ల" అన్నాను.

తల ఊపాడు. ఆ మోటార్‌సైకిల్ని నిలబెట్టడానికి ఆయనకు నా సాయం కావలసి వచ్చింది. ఎక్కి, హిందూపురం రోడ్డు వైపు ఒకసారి చూసి, ధర్మవరం వైపు తిప్పుకున్నాడు. ఇంట్లో సగం తెగిన పడుగు ఉంది. ఒక్కొక్క పోగూ ఆయనే అతుక్కోవాలి.