ఆకులు కోసిన వేళ

ఒక గడిలో నేను టైపు చేసిన పేరు ఇన్నేళ్ళుగా నా గుండె మీద కూర్చుని ఉంది. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి.

అప్పట్లో అనకాపల్లిలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. చెరకుకు ఎర్రకుళ్ళు తెగులు సోకితే ఆకులో ఏ జన్యువులు మేలుకుంటాయో, ఏవి పడుకుంటాయో చూడడం మా పని. తెగులు మొక్కల ఆకులు ఒక రోజు ఉదయం ఆరింటికి కోశాం. మర్నాడు సరిగ్గా అదే వేళకు మంచి మొక్కల ఆకులు కోయాలి. పొలం పని చూసే సన్యాసిరావు చీకటి ఉండగానే వెళ్ళి చేలో నిలబడ్డాడు. కోసిన ఆకును అప్పటికప్పుడు గడ్డకట్టించే డబ్బా నా దగ్గర ఉంది. నేను లేవలేదు. జ్వరం లేదు, చావు కబురు లేదు. చలికి దుప్పటి తీయబుద్ధి కాలేదు, అంతే.

తీరిగ్గా టిఫిన్ తిని, బస్సు పట్టుకుని వెళ్ళేసరికి పన్నెండు దాటింది. సన్యాసిరావు ఇంకా చేలోనే ఉన్నాడు. తన సీసాలో మజ్జిగ నాకిచ్చాడు. తాగి, నా చేత్తోనే ఆకులు కోశాను. నోట్‌బుక్‌లో ఉదయం ఆరు అని రాశాను. ఆకు ఎవరితో చెబుతుందిలే అనుకున్నాను.

ఆ ఏడాదే బయటి దేశపు శాస్త్రవేత్తలు ఇంటర్నెట్‌లో ఒక శిక్షణ పెట్టారు. ఇలాంటి జన్యు సమాచారాన్ని అందరికీ అందేలా ఎలా ఉంచాలి, ఎలా విశ్లేషించాలి అని. ఎవరి డేటా వాళ్ళు ఎక్కించాలి. మా డైరెక్టరూ నేనూ చెరొక హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మా రెండు రకాల ఆకులకీ బోలెడు తేడా వచ్చిందని ఆయన మహా సంబరంగా ఉన్నారు. పాఠం చెప్పే మేడమ్ మా గ్రాఫు గీతలు ఒకటికి రెండుసార్లు చూసింది. ఇది తెగులు తేడా కాదు, పొద్దు తేడా అంది. ఆకులో కొన్ని జన్యువులు వేళ చూసుకుని పనిలోకి దిగుతాయట. మా మంచి ఆకులు మిట్టమధ్యాహ్నం కోసినవట. కోసిందెవరని అడిగింది.

డైరెక్టర్ నా వైపు తిరిగారు.

"సన్యాసిరావు" అన్నాను.

భయంలో నోరు జారిందని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, నోరు జారినవాడు మరుక్షణమే వెబ్‌సైట్ ఫారంలో 'సేకరించినవారు' అనే గడి వెతికి, అక్షరాలు సరిచూసుకుని మరీ ఆ పేరు టైపు చేస్తాడా?

ఎనిమిదేళ్ళ రోజుకూలీ తర్వాత ఆ నెలలోనే అతన్ని పర్మినెంట్ చేస్తామని అంతకుముందే మాటిచ్చారు. శిక్షణ మర్నాడే, ఇక పనిలోకి రావద్దన్నారు. గేటు దగ్గర నన్ను ఆపాడు.

"తెల్లారగట్ల నుంచీ సేలోనే ఉన్నాను గదా బాబూ. మీరే రాలేదు. నా పేరు మీద ఏటి రాసేరు?"

"నేనేం రాయలేదు. కంప్యూటర్‌లో అలా వచ్చింది."

"కంప్యూటర్ సూసిందేటి, బాబూ? మీరొక్కసారి డైరెట్రుగారికి సెప్పండి. మీరు సెప్తే ఇంటారు."

చెబుతానన్నాను. నమ్మాడు. వారం రోజులు గేటు బయట నిలబడి నా ముఖం చూశాడు, పని అయిందా అన్నట్టు. తర్వాత రాలేదు. కోటవురట్ల వైపు ఎవరి చేలోనో చెరకు నరుకుతున్నాడని విన్నాను. వెళ్ళి కలవలేదు. కలిసి ఏం చెప్పాలి?

ఇప్పుడు అలాంటి శిక్షణ నేనే ఇస్తున్నాను. సిగ్గు లేకుండా ప్రతి బ్యాచ్‌కీ ఆ ఉదాహరణే చెబుతాను. ఒక కూలీ బద్ధకించి మధ్యాహ్నం కోసి పొద్దున్న అని చెప్పాడు, ఆకే అతన్ని పట్టించింది అంటాను. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అయినా తర్వాతి బ్యాచ్‌లో మళ్ళీ చెబుతాను.

ఆ డేటా ఇంకా ఇంటర్నెట్‌లో ఉంది, అతని పేరుతో. ఎవరైనా దింపుకోవచ్చు. పక్కనే సవరించే బటన్ ఉంది. క్లాసుకి ముందు ప్రతిసారీ మౌస్ దాని మీదకు తీసుకువెళ్తాను. నొక్కను. నొక్కితే ఎవరు సవరిస్తున్నారో, ఎందుకో రాయాలి.

కనీసం ఇక్కడైనా ఆ గడులు సరిగ్గా నింపుతాను. కోసిన వేళ, మధ్యాహ్నం పన్నెండు దాటాక. కోసింది సన్యాసిరావు కాదు, నేను. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఇక్కడ కూడా అతని పేరు రాశాను గానీ, నా పేరు రాయలేదు. అది నాకూ కనిపిస్తూనే ఉంది.