భూతద్దం బండి

వీధిలో అతన్ని భూతద్దం అంటారు. పాలు తాగేముందు వాసన చూస్తాడు. తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూస్తాడు. ఎవరైనా ఊరికే పలకరిస్తే, ఎందుకు పలకరించాడా అని మధ్యాహ్నం దాకా ఆలోచిస్తాడు.

అలాంటివాడు జన్మకు ఒక్కరితోనే పొత్తు కలిశాడు. చెల్లెలి భర్తతో. ఇద్దరూ కలిసి ఒక పాత డీజిల్ పికప్ కొని, ఫ్యాక్టరీ నుంచి మార్కెట్టుకు ఐసు దిమ్మలు తోలుతున్నారు. ఒక వారం ఇతను, ఒక వారం బావ. ఎవరి వారంలో వాళ్ళ ఇంటిముందే బండి.

నాలుగు నెలలుగా బండి మొరాయిస్తోంది. రోజూ కాదు. అదే అసలు బాధ. రోజూ అయితే జబ్బనుకోవచ్చు. రెండు రోజులు తాళం తిప్పగానే అందుకునేది. మూడో రోజు స్టార్టరు గిర్రున తిరిగేది గానీ ఇంజను పలికేది కాదు. తిప్పగా తిప్పగా తెల్లటి పొగ కక్కి, దగ్గి, లేచేది. అప్పటికి వెనక ఐసు సగం నీళ్ళు. బ్యాటరీ మార్చాడు. స్టార్టరు విప్పించాడు. హీటరు ప్లగ్గులు చూపించాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు.

బావ వారంలో మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

అక్కడ పడింది అతని చూపు. నాకు అప్పగించేముందు బావ ఏదో చేస్తున్నాడు. నేను విసిగి వదిలేస్తే బండి మొత్తం అతనిదే. లేకపోతే ఒకే బండి ఇద్దరి దగ్గర రెండు రకాలుగా ఎందుకుంటుంది?

నిజానికి అనుమానం అంతకుముందే మొదలైంది. డీజిలు ముల్లు తొందరగా పడిపోతోందనిపించింది. ట్యాంకు మూతకు తాళం ఉంది కాబట్టి, దొంగ చెయ్యి పెట్టేది ఫిల్టరుకు వెళ్ళే రబ్బరు గొట్టం దగ్గరే. ఆ గొట్టం ఊడదీసి, లోపలి పైపు చుట్టూ సన్నటి ఎర్ర దారం చుట్టి, మళ్ళీ గొట్టం ఎక్కించి క్లిప్పు బిగించాడు. ఎవరైనా లాగితే దారం తెగాలి. దారం తెగలేదు. దానికీ తృప్తిపడలేదు. తెగకుండా తీసే ఉపాయం బావకు తెలిసిపోయిందనుకున్నాడు.

చివరికి ఒకరోజు బండితోపాటు బావనీ షెడ్డుకు తీసుకెళ్ళాడు. అక్కడి మెకానిక్కు ముసలాయన. మనుషుల మాట సగం వినిపించదు, ఇంజను మాట మొత్తం వినిపిస్తుంది.

"ఇందులో ఎవరి చెయ్యి ఉందో ఇతని ముందే తేల్చాలి," అన్నాడు భూతద్దం. "తేలితే పొత్తు ఇవాళ్టితో సరి."

బావ టీ గ్లాసు కింద పెట్టాడు.

"మొరాయించినరోజు ఎక్కడ నిలిపావు?" మెకానిక్కు అడిగాడు.

"మా ఇంటిముందు. ఇంకెక్కడ నిలుపుతాను?"

"లేచినరోజు?"

భూతద్దం ఆలోచించాడు. "పక్కింటి కారు అడ్డముంటే సందు చివర పెడతాను."

"మీ ఇంటిముందు ఏటవాలా?"

"అవును. ముక్కు పైకుంటుంది."

"మరి మీ ఇంటి దగ్గరో?"

"బల్లపరుపు," అన్నాడు బావ. "గోలీ పెడితే కదలదు."

"అయితే డీజిలు గొట్టంలోకి ఎక్కడో గాలి దూరుతోంది. ముక్కు పైకుంటే డీజిలంతా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున ఇంజనుకు తాగడానికి గాలే మిగులుతుంది."

ముసలాయన డీజిలు దారి మధ్యలో ఒక అద్దంలాంటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి ఇంజను తిప్పించాడు. గొట్టంలో బుడగలు వరసకట్టాయి. వాటి వెంట వేళ్ళతో వెనక్కి వెళ్ళాడు. ఒక క్లిప్పు వదులు చేసి గొట్టం లాగాడు. లోపల పైపుకు చుట్టుకుని ఎర్ర దారం.

"గాలి దూరే సందు ఈ దారం వల్లే. ఇదెవరి పని?" అంటూ బావవైపే చూశాడు.

"నన్ను చూస్తావేంటి? దారం కట్టడానికి అదేమన్నా చొక్కా గుండీనా?"

'నాకూ తెలీదు.' అంత చిన్న మాట చాలు. ముసలాయన నమ్ముతాడు, పొత్తు విడిపోతుంది, తను కోరుకున్నదే జరుగుతుంది. ఆ మాట భూతద్దం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"నేనే," అన్నాడు.

"ఏంటీ?" ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

"నేనే కట్టాను!"

పక్క షెడ్డులో సుత్తి ఆగింది.

"ఎందుకు బావా?" అన్నాడు బావ.

"డీజిలు తీస్తున్నావేమోనని."

"తీశానా?"

"దారం తెగలేదు."

"నేనడిగింది దారం సంగతి కాదు."

భూతద్దం నేలమీది నూనె మరకను చూశాడు. "తీయలేదు."

"ఇంకా ఏం చేశావు?"

"చెల్లెల్ని అడిగాను. నువ్వు డీజిలు అమ్ముకుంటున్నావా అని."

"ఏమంది?"

"ముందు నీ బుర్ర రిపేరు చేయించుకో అన్నయ్యా అంది."

బావ పెదవి ఒకవైపు కదిలింది. మళ్ళీ బిగుసుకుంది. "ఎప్పుడు?"

"రెండు నెలలైంది."

"రెండు నెలలు," అన్నాడు బావ మెల్లగా. "నాతో ఒక్క ముక్క అనలేదు. కడుపులో పెట్టుకుని తిరిగింది."

ముసలాయన దారం తీసి, పైపు తుడిచి, క్లిప్పు బిగించాడు. భూతద్దం తాళంచెవి బావ ముందుకు చాచాడు.

బావ తీసుకోలేదు. "ఈ వారం నీది. తోలు," అన్నాడు. "పొత్తు ఉంచేదీ తెంచేదీ తర్వాత. ముందు మా ఇంటికి పద. ఆవిడ ముందు కూడా ఇంత గట్టిగానే చెబుదువు గానీ."

అవతలి తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.