పోస్టర్ల మధ్య గుట్టలు

ఎనభైల చివర్లో నేను ఫిల్మ్ నగర్‌లో ఒక పబ్లిసిటీ ఆఫీసులో డిజైనర్‌ని. హీరో మీసం, హీరోయిన్ కంటి తడి, టైటిల్ కింద మంటలు, అన్నీ నా చేతిమీదుగానే గోడలెక్కేవి. ఆ పని మీద నాకెప్పుడూ చిన్నచూపు లేదు. కానీ తెల్లారగానే కాన్వాస్ భుజాన వేసుకుని షేక్‌పేట వైపు గుట్టల్లోకి వెళ్లిపోయేదాన్ని. రాళ్ల మీద ఎండ మారిపోయేలోపు వేసేయాలి. గీతలు గీసుకునే తీరిక ఉండదు. రంగు పక్కన రంగు, అంతే.

మా ఇంటి ఓనరమ్మ ఆ బొమ్మలు చూసి నవ్వేది.

"ఏందమ్మా, గిట్ల మసక మసక ఏసినవ్?"

"జర దూరం నుంచి చూడండమ్మా" అనేదాన్ని. ఆమె కదిలేది కాదు.

ఒకసారి ఓ గ్యాలరీ నిర్వాహకుడు ఇంటికొచ్చి కాన్వాసులన్నీ చూశాడు. ప్రదర్శన పెడదామన్నాడు. పరుగున లోపలికెళ్లి కాఫీ పెట్టుకొచ్చాను. కాఫీ తాగాక అసలు మాట బయటపెట్టాడు.

"సినిమా పోస్టర్లు వేస్తారని ఎక్కడా అనకండి. సంతకం కూడా మార్చేయండి. ఆ పేరు గోడల మీద అందరూ చూసేశారు."

"చూస్తే ఏమైందండీ?"

"సీరియస్ ఆర్టిస్ట్ అనుకోరు."

"నేను అనుకుంటున్నాను కదా. రోడ్డవతల నుంచి చూసినా రంగు ఎలా నిలబడాలో నాకు నేర్పింది ఆ పోస్టర్లే. పేరు మార్చను."

ఆలోచించుకోమన్నాడు. ఆలోచించడానికేమీ లేదని గేటు దాకా వెళ్లి మరీ చెప్పాను. ఆ సాయంత్రం ఏడ్చాను, అది వేరే సంగతి.

మర్నాడు మా ఆఫీసు యజమానిని, నా బొమ్మలు పెట్టుకోవడానికి ఆదివారం ఆఫీసు హాలు ఇమ్మని అడిగాను. ఆయనది గోదావరి జిల్లా.

"గుట్టలు చూడ్డానికి ఎవరొస్తారండీ?"

"రాకపోతే నేనే చూసుకుంటానండీ."

నవ్వి, తాళాలు బల్ల మీద పెట్టాడు.

గోడల మీదున్న పోస్టర్లు తీయలేదు. వాటి మధ్యనే కాన్వాసులు తగిలించాను. కత్తి ఎత్తిన హీరో పక్కన పొద్దుటి ఎండలో రాయి. అన్నింటి మూలనా ఒకటే సంతకం. కొద్దిమందే వచ్చారు, ఎక్కువగా స్టూడియో మనుషులు. గ్యాలరీ ఆయన రాలేదు. ఒక విలేకరి మాత్రం, "వీటిలో మీ అసలు పని ఏది మేడమ్?" అని అడిగాడు.

"సంతకం ఉన్నవన్నీ" అన్నాను. అతను అది రాసుకోలేదు.

తర్వాత ఆ గుట్టల్ని పేల్చి బంగళాలు కట్టారు. సగం పగిలిన రాళ్లను కూడా కూర్చుని వేశాను. తొంభైలు ముగిసేసరికి ఆఫీసులో కంప్యూటర్లు దిగాయి, పోస్టర్లకు నా చెయ్యి అక్కర్లేకపోయింది. ఇప్పుడు సభల్లో నన్ను మాజీ పోస్టర్ ఆర్టిస్టుగా పరిచయం చేస్తుంటారు. మైకు దగ్గరకు వెళ్లి ముందుగా ఆ 'మాజీ' తీసేయమంటాను.