అడ్డగీత పెట్టిన రెండో గడి

ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకటే కుర్చీ, ఒకడే గుమాస్తా. అందరికీ బాబాయే. ఎవరైనా పోతే, ఎందుకు పోయారో రిజిస్టర్లో రాయడం ఆయన పని. "బాబాయ్ రాస్తేగానీ ఇక్కడ ఎవరూ పోయినట్టు కాదు" అని షుగర్ క్లినిక్కు నర్సు ఆటపట్టించేది.

ఆ పొద్దున ఆ నర్సే మొహం వేలాడేసుకుని వచ్చింది.

"మా క్లినిక్కు మూసేస్తారట బాబాయ్."

"ఎవరమ్మా చెప్పింది?"

"కొత్త డాక్టరమ్మ లెక్క తీసింది. క్లినిక్కు పెట్టకముందు, వెయ్యి మంది షుగరోళ్లలో ఏడాదికి పన్నెండు మంది షుగరుతో పోయేవాళ్లట. ఇప్పుడు పంతొమ్మిది! పుండ్లు తుడిచి, తిట్లు తిన్నందుకు మాకు దక్కిన పేరు చూడండి."

ఆ పన్నెండు ఎలా వచ్చిందో బాబాయ్‌కు తెలుసు.

పాత రిజిస్టర్లో రెండు గడులు. చావుకు కారణం ఒకటి, దాని వెనకున్న జబ్బు ఇంకొకటి. రెండోది నింపాలంటే కేస్‌షీటు చూడాలి. అది ఆవరణ అవతల, మూడో అంతస్తులో. మొదట్లో రోజూ ఎక్కాడు. మోకాళ్లు పట్టేశాయని ఓ రోజు మానేశాడు. ఎవరూ అడగలేదు. ఇక అంతే! 'గుండె ఆగింది' అని రాయడం, రెండో గడిలో అడ్డగీత కొట్టడం. క్లినిక్కు పెట్టిన ఏడాదే కంప్యూటరొచ్చింది. గడి నింపందే అది ముందుకు కదలదు, కాబట్టి దారికొచ్చాడు. సొంత వదిన పోయినప్పుడు కూడా అడ్డగీతే. పదేళ్లు ఆవిడకు ఇన్సులిన్ తెచ్చిచ్చింది తనే.

ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం దాకా మూసుకునే ఉన్నాడు. తర్వాత లేచి డాక్టరమ్మ గదికి వెళ్లాడు.

"మీ లెక్క తప్పమ్మా. ఆ తప్పు చేసింది నేను."

అంతా విని ఆమె తన లెక్కల కాగితం పక్కన పెట్టింది. "కేస్‌షీట్లు ఉన్నాయా?"

"ఉన్నాయి. మేడ మీద."

"అయితే పదండి."

పదకొండు రోజులు ఆ మెట్లెక్కాడు. ఒక్కో కట్ట విప్పి, జబ్బు ఉన్నట్టు తేలినచోటల్లా గీత పక్కన 'షుగరు' అని రాశాడు. వదిన కాగితం దగ్గర పెన్ను కదలడానికి చాలాసేపు పట్టింది. చివరికి పన్నెండు కాస్తా ముప్పై ఒకటైంది.

నర్సు ఎగిరి గంతేసింది. "ముప్పై ఒకటి నుంచి పంతొమ్మిదికి! తగ్గాయి బాబాయ్! ఇక మమ్మల్ని ఎవడు కదిలిస్తాడో చూస్తా!"

బాబాయ్ నవ్వలేదు. "క్లినిక్కు పెట్టి ఎన్నేళ్లమ్మా?"

"ఏడు. పెద్ద డాక్టరుగారు పద్నాలుగేళ్ల కిందటే అడిగారట. షుగరుతో పోయేవాళ్లు ఇక్కడ తక్కువే కదా, ఎందుకూ అన్నారట పైవాళ్లు."

"ఏ లెక్క చూసి? నా రిజిస్టరేగా?"

నర్సు నవ్వు ఆగిపోయింది.

"మా వదిన పోయి తొమ్మిదేళ్లు" అన్నాడు బాబాయ్.