కారుకు కట్టిన దోమతెర

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. వీడియో చూస్తే ఏ పనైనా వచ్చేస్తుందని ఒకటి, కారు మెరిస్తే పిల్లనిస్తారని ఇంకొకటి. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, పటేల్‌గూడలో అమ్మా నేనూ ఉండే కిరాయి ఇల్లు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న నల్ల కారు (నల్లదని అమ్మినవాడు చెప్పాడు), పెళ్లికొడుకుగా ఇదీ నా హోదా. రంగు మీద మెరుపు కోసం కొట్టే లాకర్ పూత ఎండకు మాడి, బానెట్ మీద తెల్లగా పొరలు పొరలుగా లేచింది. అంతకుముందు చూసిన సంబంధంలో పిల్ల మేనమామ ఆ పొరను గోటితో గీకి, "ఏంది బాబూ, బండికి గజ్జి లేసిందా?" అన్నాడు. ఆ సంబంధం అక్కడితో సరి. అందుకని పోతిరెడ్డిపల్లి పిల్లను చూడబోయే ముందురోజు సెలవు పెట్టి మరీ బానెట్ ముందు కూర్చున్నాను. (షాపువాళ్లు వారం పడుతుందన్నారు. వారం దాకా పిల్ల ఆగొద్దూ?)

వాటర్ పేపరనే గరుకు కాగితాన్ని సబ్బునీళ్లలో తడిపి రుద్దడం మొదలుపెట్టాను. పక్కింటి బాబాయిగారు, కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి, గోడ మీద మోచేతులానించి, "గుండ్రంగా కాదోయ్, నిలువుగా రుద్దు," అన్నారు. నిలువుగా రుద్దితే, "అంత బలమెందుకయ్యా, అదేమన్నా అట్ల పెనమా?" అన్నారు. స్ప్రే కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమనీ అన్నారు. అప్పటికే ఆయన మాట ఏదీ వినకూడదని ఒట్టేసుకున్నాను కాబట్టి అదీ వినలేదు. మధ్యాహ్నానికి నా భుజాలు పోయాయి, వేళ్ల తోలు పోయింది, పోవాల్సిన లాకర్ మాత్రం అక్కడక్కడా మొండికేసి కూర్చుంది.

ఎట్లాగో అదీ వదిలించి, తుడిచి, డబ్బా ఊపి కొత్త లాకర్ స్ప్రే కొట్టాను. బానెట్‌లో నా మొహం కనబడింది. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. మా వైపు గాలి వట్టి చేతులతో రాదు, లారీల దుమ్మూ పొగగొట్టాల మసీ వెంటబెట్టుకొస్తుంది. లోపలికి ఉరికి, మంచం మీది దోమతెర పీక్కొచ్చి కారు మీద కట్టాను. అమ్మ బయటికొచ్చి చూసి, "కారుకు గూడ దోమలు కుడ్తయా బిడ్డా?" అంది. "అది ఆరేదాక ముట్టకే," అని విసుక్కుని కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వెళ్లాను.

వచ్చేసరికి అమ్మ దోమతెర లోపల ఉంది. చేతిలో పసుపు కుంకుమల గిన్నె. బానెట్ నడుమ మూడు పెద్ద బొట్లు, తడి లాకర్‌లో దిగబడి తళతళా మెరుస్తున్నాయి.

"రేపు శుభమా అని పోతున్నం. ఉత్త నొసలుతోని తీస్కపోతమా బండిని?" అంది.

గుడ్డతో అద్దబోతే పసుపు ఇంకా పాకింది. గట్టిగా అరుద్దామని నోరు తెరిచాను. మాట రాలేదు, గాలి వచ్చింది. అంతసేపూ పీల్చిన లాకర్ గొంతును పట్టేసింది. అమ్మ నా మొహంలోకి చూసి కళ్లలో నీళ్లు పెట్టుకుని, "గింత ఖరాబ్ చేసిన, ఒక్క మాట గూడ అంటలెవ్వు బిడ్డా," అంది. అనడానికి వంద ఉన్నాయని చేతులెత్తి చూపించాను. దండం పెడుతున్నాననుకుందట.

మర్నాడు పోతిరెడ్డిపల్లిలోనూ గొంతు లేవలేదు. మాట్లాడిందంతా అమ్మే. "దినమంత కూసొని రుద్దిండు. నేను పోయి ఆగం చేసిన. పల్లెత్తు మాట అనలే నా కొడుకు!" ఇంటిల్లిపాదీ కిటికీలోంచి నా కారును చూశారు. పిల్ల కూడా చూసింది, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. నెమ్మదస్తుడు, మాకు ఇష్టమేనని సాయంత్రమే కబురొచ్చింది. నా గొంతు ఆ తెల్లారి వచ్చింది గానీ, అరవడానికి కారణమే మిగల్లేదు.

ఆ కారు ఇప్పటికీ మా గేటు ముందుంది. పసుపు వెలిసిపోయింది, కుంకుమ మచ్చలు మూడూ లాకర్‌లో అట్లాగే ఉన్నాయి. మొన్న కుక్కర్ మూత సరిగా పట్టలేదని నేను ఇల్లెగిరిపోయేట్టు అరుస్తుంటే, మా ఆవిడ ఆ బానెట్ వైపు వేలు చూపించి, "పల్లెత్తు మాట అనని పిలగాడని ఒప్పుకున్న. ఆ పిలగాడు ఏడవోయిండు?" అంది.

నోరు తెరిచాను. గొంతు బాగానే ఉంది, మాటే రాలేదు. పాపం, మంచి పిలగాడే. రెండు రోజులే ఉన్నాడు.